ఎడమచేతి టంకం

గిటారు లావు తీగను మీటితే ఆంప్లిఫయర్ పెట్టెలోంచి స్వరం పైతోలు మాత్రమే వస్తోంది, లోపలి కండ రావడం లేదు. మళ్ళీ మీటాను. అదే టంగుమనే చప్పుడు. గుమ్మని రావాలి, గుండెల మీద అరచెయ్యి వేసినట్టు రావాలి. బేస్ నాబును ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పాను. ఒంట్లో బాగాలేని మనిషిని పలకరిస్తే మర్యాదకి నవ్వినట్టు ఒకింత కదిలింది, అంతే. సాయంత్రం బడి నుంచి సంగీతం మాస్టారు వ్యాను తీసుకుని వస్తాడు, ఈ గిటారునీ ఈ ఆంప్లిఫయర్‌నీ పట్టుకుపోతాడు, మామయ్య మాట ఇచ్చేశారు. పిల్లలకి పనికొస్తాయి, అటక మీద ఉండి ఏం చేస్తాయి అన్నారు. నా చెయ్యి పడకుండా ఇది మన గడప దాటకూడదు మామయ్యా, ఒక్క గంట నాకివ్వండి, అని నేను పట్టుబడితే నవ్వారు. పెట్టెకేం రోగం లేదమ్మా, రోగం నా బొటనవేలిది, అని ఆ వేలిని ఎత్తి చూపించారు, ఎవరో చేసిన తప్పుకి సాక్ష్యం చూపించినట్టు. మీ అత్తయ్యే విప్పి చూసింది అప్పట్లో, పెట్టెలో తప్పేం లేదంది, రేడియోల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి చూసి చెప్పాక ఇంకొకడికి చూపిస్తానా, అన్నారు. సరే, బొటనవేలే అనుకుందాం. మరి నా బొటనవేలికీ రావడం లేదే.

వెనక పలక విప్పి పక్కన పెట్టాను. గాజు వాల్వులు ఎర్రగా, సన్నగా వెలుగుతున్నాయి, చలికాలం దుప్పట్లోంచి చూసే కళ్ళలాగా. వాటి వేడికి లోపలి పాత చెక్క, పాత దుమ్ము, పాత మైనం కలిసి ఒక వాసన వేస్తున్నాయి, నాకిష్టమైన వాసన. మా ఆయన దీన్నే కాలిన వాసన అంటాడు, ముక్కు చిట్లిస్తాడు. ఆయనకి చిన్నప్పటి నుంచీ ఆయాసం, దుమ్ము పడదు, పొద్దున దీన్ని అటక మీంచి దించడానికి ముక్కుకి రుమాలు కట్టుకుని దొంగలా ఎక్కాడు. మొదట స్పీకరు. ఎప్పుడూ మొదట స్పీకరే, చౌకలో పోయేది అదే. కాగితపు గరాటా అంచులు తడిమాను, చిరుగు లేదు, జిగురు ఊడలేదు. వైర్లకి చిన్న బ్యాటరీ తాకిస్తే గరాటా ముందుకి పొంగి ఆగింది, సరైన దిశలోనే. అయినా నమ్మకుండా గోడవారన ఉన్న నా పెద్ద స్పీకరుకి తగిలించి చూశాను. అందులోనూ అదే బక్క గొంతు. అయితే రోగం లోపలే. వాల్వులు ఒక్కొక్కటే మార్చాను, గుడ్డతో పట్టుకుని, వేడి వేడిగా. ఏం తేడా లేదు. పైన మామయ్య అడుగులు, కిటికీ దాకా వెళ్ళి వెనక్కి. కూర్చోలేకపోతున్నారు. ఇచ్చేస్తున్నానని అంత హాయిగా చెప్పిన మనిషి అలా తిరుగుతారా.

పెద్ద కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయనుకున్నాను. పాత పెట్టెల్లో సగం రోగాలకి అవే మూలం, కరెంటుని నిలవ చేసుకోలేకపోతే లావు స్వరాలకి బలం చాలదు, ఆకలితో బరువు ఎత్తే మనిషిలా తూలిపోతాయి. కానీ ఇక్కడ స్వరం తూలడం లేదు. శుభ్రంగా ఉంది. లోటు ఉంది గానీ రొద లేదు, ఎక్కడా విరగడం లేదు, అదే నాకు అంతు పట్టడం లేదు. పాడైన వస్తువు ఎక్కడో ఒకచోట గరగరమంటుంది, ఏదో ఒకటి కాలుతుంది, ఏదో ఒకటి కారుతుంది. ఇది మాత్రం చక్కగా తల దువ్వుకుని కూర్చున్న బిడ్డలా ఉంది, కాకపోతే సగం మాటలు మింగేస్తోంది. స్విచ్చి కట్టేసి, పెద్ద కండెన్సర్లలో మిగిలిన కరెంటుని దించేసి, భాగాలన్నీ బిగించిన ఇనుప రేకు ఛాసిస్‌ని బయటికి లాగి బోర్లా తిప్పాను. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రెండో చేత్తో పని చెయ్యి, అప్పుడు కరెంటు గుండె మీదుగా పోదు, అనేవారు నాకు పని నేర్పిన మైకుసెట్టాయన. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఛాసిస్ బోర్లా పడగానే నా ఎడమ చెయ్యి దానంతట అదే జేబులోకి పోతుంది, బళ్ళో మాస్టారు కనిపిస్తే లేచి నిలబడ్డట్టు.

లోపల ఎంత పొందిక. ఫ్యాక్టరీ పని సగం, తర్వాత ఎవరో చేసిన పని సగం, రెండూ వేరువేరని చెప్పడానికి కళ్ళు చికిలించాల్సి వచ్చింది. ఎవరో అంటానేమిటి, అత్తయ్యే. పెద్ద కండెన్సర్లు మార్చి ఉన్నాయి, ఎర్తుకి వెళ్ళే వైర్లన్నీ ఒకే చోటికి తెచ్చి కట్టి ఉన్నాయి. నేను ఆవిడని చూడలేదు. మా ఆయన ఐదో తరగతిలో ఉండగా పోయారు. ఇంట్లో ఆవిడ ఫోటో ఒకటి ఉంది, అందులో ఎవరో పిలిస్తే ఇప్పుడే వస్తానన్నట్టు నిలబడి ఉంటారు. ఆవిడ ఎలాంటి వారు అని కొత్తలో అందర్నీ అడిగాను. ఓర్పు గల మనిషి, అన్నారు చుట్టాలు. పెద్దగా మాట్లాడేది కాదు, అంది ఆడపడుచు. అమ్మ, అన్నాడు మా ఆయన, ఇంకేం చెప్పాలో తెలియక. పనికి వెళ్ళేదట, పొద్దుటి షిఫ్టు, మధ్యాహ్నానికి వచ్చేసేదట, వంద రేడియోలకి టంకం వేసి వచ్చిన చేతులతో పిల్లవాడికి అన్నం కలిపేదట. ఓర్పు, ఓర్పు. ఆడదాన్ని మెచ్చుకోవాలని ఉండి, ఏం చూసి మెచ్చుకోవాలో తెలియనప్పుడు జనం వాడే మాట అది. నన్నూ అలాగే అంటారు, నా రిపేరు కొట్టు కౌంటరు దగ్గర నిలబడి, ఎంత ఓర్పమ్మా నీకు, అని. ఓర్పు కాదు, ఆ వైరు ఎక్కడ తెగిందో నాకు తెలుసుకోవాలని ఉంది, అది ఓర్పు ఎలా అవుతుంది, అది ఆశ.

పరికరం తెచ్చి, మళ్ళీ స్విచ్చి వేసి, ఒక లావు స్వరాన్ని ముందు నుంచి పంపించాను, ఒకే స్వరం, ఆపకుండా. చిన్న తెర మీద దాని అల కనిపిస్తుంది, అది ఎక్కడి దాకా నిండుగా వస్తోందో, ఎక్కడ చిక్కిపోతోందో చూసుకుంటూ పోవడమే, గొట్టంలో నీళ్ళు ఎక్కడ ఆగాయో జాయింటు జాయింటుకీ విప్పి చూసినట్టు. మొదటి వాల్వు దాకా బ్రహ్మాండంగా వచ్చింది, అల తెర పైఅంచుని తాకింది. మొదటి వాల్వు దాటి, రెండో వాల్వుకి వెళ్ళే దారిలో కండెన్సర్ ఒకటి ఉంటుంది, గుమ్మం దగ్గర కాపలావాడిలాగా, ఎంత లావు స్వరాన్ని లోపలికి పోనివ్వాలో తేల్చేది అదే. దాని అవతల పరికరం సూది పెట్టాను. అల పడుకుంది. సన్నగా, గీతలాగా. ఇదన్నమాట. మళ్ళీ కరెంటు దించి, దీపం దగ్గరికి లాగి, తల వంచి చూశాను.

అక్కడ ఉన్నది తప్పు కండెన్సర్. పప్పుగింజంత ఉంది, అక్కడ ఉండాల్సిన దాంట్లో ఇరవయ్యో వంతు కూడా ఉండదు దాని విలువ. సన్న స్వరాల్ని పోనిస్తుంది, లావు వాటిని గుమ్మంలోనే ఆపేస్తుంది. ఎవడో చేతకానివాడు చేతికి దొరికింది పెట్టేశాడు అనుకోబోయాను, తిట్టు నాలుక చివరి దాకా వచ్చింది. బయటికి రాలేదు. ఎందుకంటే దాని పక్కనే అసలుది ఉంది. ఊడదీసి పారెయ్యలేదు. ఒక కాలు అలాగే టంకంలో ఉంచి, రెండో కాలు మాత్రం విడదీసి, పక్కకి వంచి, దేనికీ తగలకుండా దాని మీదకి గుడ్డ తొడుగు ఎక్కించి, తొడుగు జారిపోకుండా దారంతో ముడి వేసి ఉంది. చేతకానివాడు అలా చెయ్యడు. మళ్ళీ కలపాలనుకున్న వాళ్ళు చేస్తారు. తొడుగు తీసి, వేడి చేసి ఒక్క చుక్క వేస్తే చాలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు పాత గొంతు వచ్చేస్తుంది, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఇక ఆ చిన్న దాని టంకం. అద్దంలా ఉంది, ఇన్నేళ్ళకీ మసకేయలేదు. తీగ తను అతుక్కునే ఇత్తడి కొమ్ము చుట్టూ ఒక చుట్టు, మరో సగం చుట్టు తిరిగి ఆగింది, కానీ తిరగాల్సిన వైపు కాదు, దానికి ఎదురు వైపు. నా చేతిలో పట్టకారు ఉన్నట్టు ఊహించుకుని తిప్పి చూశాను, నా కుడిచేతికి ఆ చుట్టు రాదు. ఎడమ చేతిని జేబులోంచి తీసి తిప్పాను. వచ్చింది. మా ఆయన కత్తెర పట్టుకునే తీరు గుర్తొచ్చింది, కుడిచేతి వాటం మనిషే అయినా కత్తెర మాత్రం ఎడమచేత్తో పడతాడు, ఎందుకని అడిగితే, అమ్మ అలాగే పట్టుకునేది, చూసి నేర్చుకున్నా, అన్నాడు ఒకసారి.

అత్తయ్యా, ఇది మీరేనా. పెట్టెలో తప్పేం లేదని చెప్పింది మీరే, పెట్టె గొంతు నొక్కిందీ మీరే. నొక్కింది అనడం తప్పు, ఇంత మెత్తగా ఎవరూ ఏ గొంతూ నొక్కి ఉండరు. వాళ్ళు అప్పుడున్న అద్దె ఇల్లు నేను చూడలేదు గానీ మామయ్య చెప్పగా విని విని నా కళ్ళకి కట్టింది. మేడమీద రెండు గదులు, మధ్యలో గోడ పేరుకి చెక్క పలక, ఇవతల మామయ్య మధ్యాహ్నం సాధన, సాయంత్రం హోటలు హాల్లో వాయించాలి కదా, అవతల ఆయాసంతో రాత్రంతా కూర్చుని మధ్యాహ్నానికి గానీ కన్ను మూయని పిల్లవాడు. సన్న స్వరాలు చెక్క దగ్గర ఆగిపోతాయి. ఆగనివి లావువే, చెక్కలోకి దిగి, మంచం కోళ్ళలోకి ఎక్కి, గిన్నెల్ని గలగలలాడించి, పిల్లవాడి ఛాతీ మీద కూర్చునేవి. మానెయ్యండి అని ఒక్క మాట అంటే మామయ్య మానేసేవారు, ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకి ఇంకా బాగా తెలుసు. మానెయ్యమనలేదు. పిల్లవాణ్ణి ఏడవనివ్వనూ లేదు. ఇద్దరి మధ్యా కూర్చుని, పప్పుగింజంత కండెన్సర్ ఒకటి వెతికి, ఎంత పెడితే లావు స్వరం పలక దాటదో, ఎంత తగ్గిస్తే మరీ బోలుగా అనిపించి ఆయన వాయించడం మానెయ్యరో, ఆ రెంటి మధ్య సరిగ్గా ఎక్కడ ఆగాలో చూసుకుంది. ఒకటి పెట్టి వినడం, తీసి ఇంకొకటి పెట్టి వినడం. ఆ కొమ్ము మీద చాలాసార్లు వేడి తగిలిన గుర్తులున్నాయి, నేను లెక్కపెట్టలేదు.

అబ్బ, ఎంత పని. నేను ఈ బల్ల ముందు కూర్చున్నప్పటి నుంచీ పాడైనవాటిని బాగుచెయ్యడమే పని అనుకున్నాను, బాగున్నదాన్ని అవసరమైనంతే తగ్గించడం కూడా పనేనని నాకెవరూ చెప్పలేదు. కానీ మామయ్య బొటనవేలు? ఆయన దాన్ని నమ్మారు. హోటల్లో డ్రమ్ములూ పెద్ద వాద్యాలూ మోగుతుంటే తన గిటారు తనకి వినపడేది కాదట, తనని తాను వినేది ఇంట్లోనే, ఈ పెట్టెలోనే. అందులో బలం తగ్గేసరికి వేలు సన్నగిల్లిందనుకున్నారు. ఒంటరిగా వాయించే అవకాశం వస్తే నావల్ల కాదని వెనక వరసలోకి జరిగిపోయారు, ఆ మాట నవ్వుతూనే చెబుతారు, బొటనవేలు చూపిస్తూ. అత్తయ్యా, ఇది మీరు చూశారా. చూసి ఊరుకున్నారా, లేక పిల్లవాడు కాస్త పెద్దయ్యాక కలిపేద్దాం అనుకుంటూ ఉండగానే మీకే టైము లేకపోయిందా. దారం ముడి చూస్తే రెండోదే అనిపిస్తోంది, విప్పడానికి వీలుగా వేసిన ముడి అది, ఒక కొస పొడుగ్గా వదిలి. నేను ఆవిణ్ణి మెచ్చుకుంటున్నాను, ఆవిడ మీద కోపం కూడా వస్తోంది. రెండూ ఒకే తీగలో పోతున్నాయి, ఎక్కడ విడదియ్యాలో తెలియడం లేదు.

పాత కండెన్సర్ని మీటరుకి తగిలించాను, లీకవుతోంది, ఇక పనికిరాదు. సొరుగులో అదే విలువది కొత్తది ఉంది. చిన్నదాన్ని విప్పడానికి టంకపు కడ్డీ ఆనించాను, టంకం ఒక్క క్షణం ఆగి, వెండిలా మెరిసి, కరిగింది. ఇంకొకరి చేతి పనిని చెరిపేస్తున్నప్పుడు ఎప్పుడూ ఏమీ అనిపించదు నాకు, ఈసారి మాత్రం చెయ్యి ఆగింది. ఆ చుట్టును విప్పాలంటే నేనూ ఎడమచేత్తోనే తిప్పాలి. తిప్పాను. కొత్తది పెట్టి, చుట్టి, టంకం వేసి, చల్లారేదాకా కదలకుండా పట్టుకుని, ఆ పట్టుకున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఏం చెప్పను ఆయనకి. కండెన్సర్ ఎండిపోయింది మామయ్యా, మార్చేశాను, అంటే సరిపోతుంది. నమ్ముతారు. అత్తయ్య మాట నమ్మినట్టే నా మాటా నమ్ముతారు. అప్పుడు ఈ ఇంట్లో ఆయన్ని రెండు తరాల టంకం వాళ్ళు మభ్యపెట్టినట్టవుతుంది. చెబితే? అన్నేళ్ళు వాయించకుండా ఊరుకున్న చేతికి ఇప్పుడు నిజం చెప్పి ఏం చేసుకోమనాలి.

స్విచ్చి వేసి, మెట్ల దగ్గరికి వెళ్ళి పిలిచాను. ఒకసారి వచ్చి వాయించండి మామయ్యా, అన్నాను. మాస్టారు వచ్చాడా అన్నారు. ఇంకా లేదు, మీరు రండి, అన్నాను. వచ్చి బల్ల అంచున కూర్చుని గిటారు ఒళ్ళోకి తీసుకున్నారు, పెంపకానికి ఇవ్వబోయే పిల్లని చివరిసారి ఎత్తుకున్నట్టు కాస్త దూరంగా. బొటనవేలితో లావు తీగను మీటారు.

బల్ల మీది స్క్రూలు డబ్బాలో గలగలలాడాయి. నా కాళ్ళ కిందుగా వచ్చి మోకాళ్ళదాకా ఎక్కింది స్వరం. మామయ్య అరచేత్తో తీగల్ని మూసేశారు. కాసేపు పెట్టె వంక చూసి, తర్వాత తన వేలి వంక చూసి, తర్వాత నా వంక చూశారు.

"కండెన్సరా?" అన్నారు.

అవును అనేస్తే అయిపోయేది.

"కండెన్సరే. కానీ పాడవలేదు మామయ్యా. అత్తయ్య మార్చారు, కావాలనే."

ఛాసిస్ తిప్పి, దీపం వంచి, తొడుగూ ముడీ చూపిస్తూ, ఏది ఎందుకుందో చెప్పాను, పలక గోడ సంగతీ పిల్లవాడి సంగతీ నేను ఊహించిందేనని కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి జరుపుకుని వింటున్నారు. ముఖంలో రంగు మారడం చూశాను, ఇలాంటి చోట నోరు మూసుకోవాల్సిందేమో అనుకున్నాను.

"చెప్పొచ్చుగా నాకు," అన్నారు, నాతో కాదు.

"చెబితే మానేసేవారేమో."

"మానేసేవాణ్ణే." గిటారు చెక్కని వేలితో నిమురుతూ కూర్చున్నారు. "చూసి చెప్పవే అని నేనే అడిగితే, నా కళ్ళల్లోకి చూసి చెప్పింది, పెట్టెలో తప్పేం లేదని."

"అది నిజమే కదా మామయ్యా. తప్పు లేదు."

నన్ను ఒక చూపు చూశారు, కోపమే అది. తర్వాత ఎక్కడి నుంచి వచ్చిందో, భుజాలు కదిలాయి, నవ్వు. కింద వాటాలో ఇంటి ఓనరు ఉండేవాడట, మామయ్య గిటారు ముట్టుకుంటే చాలు చీపురు కర్రతో కింది నుంచి కప్పుని పొడిచేవాడట. ఒకరోజు నుంచి పొడవడం మానేశాడట. మెట్ల మీద ఎదురైతే తల ఊపేవాడట. వాడికి నా వాయింపు నచ్చింది, కర్రవాణ్ణి కూడా మార్చేశాను, అని ఊరంతా చెప్పుకున్నాను, ఇంటికి వచ్చి మీ అత్తయ్యకీ చెప్పాను, అన్నారు. ఆవిడేం అన్నారు, అని అడిగాను. "అవునండీ, మీ వాయింపు అలాంటిది మరి, అంది." కళ్ళు తుడుచుకున్నారు, నవ్వుకో మరి దేనికో.

వీధిలో వ్యాను ఆగిన చప్పుడైంది. మామయ్య తల ఎత్తలేదు. రేపు రమ్మని చెప్పమ్మా, ఈపూట నాక్కాస్త పని ఉంది, అన్నారు. నేను గుమ్మంలోకి వెళ్ళి మాస్టారికి ఏదో చెప్పాను, ఆయన రేపు బడి అయ్యాక వస్తానన్నాడు. తిరిగి వచ్చేసరికి మామయ్య వాయించడం లేదు. గిటారుని ఒళ్ళోనే ఉంచుకుని, దీపాన్ని ఇంకా దగ్గరికి లాక్కుని, బోర్లా పడి ఉన్న ఆ లోపలి ప్రపంచంలోకి వంగి చూస్తున్నారు, ఆ వైర్ల కట్టలకేసి, ఆ మెరిసే చుక్కలకేసి, ఇన్నాళ్ళూ ఆయన ముందే ఉండి ఆయన చూడని ఆ పనికేసి. చదువు రానివాడు ఉత్తరాన్ని చూసినట్టు చూస్తున్నారు, ఏం రాసుందో తెలియదు, ఎవరు రాశారో మాత్రం తెలుసు.

"నాకు తెలియదమ్మా ఇదంతా," అన్నారు. "నువ్వు చెప్పు. మీ అత్తయ్య టంకం ఎలా ఉంది?"

పక్కనే నేను వేసిన చుక్క ఇంకా వేడిగా ఉంది. మంచి చుక్కే, తప్పు పట్టడానికి లేదు. రెంటినీ ఒకసారి చూశాను.

"నాకంటే బాగుంది మామయ్యా."

ఆయన తల ఊపారు, తన సొంత పనిని ఎవరో మెచ్చుకున్నట్టు. కళ్ళజోడు సరిచేసుకుని, బొటనవేలిని లావు తీగ మీద ఆనించారు.